తండ్రి పేరు మీదున్న ఇంటి పన్ను వారసుల పేరుకు: దరఖాస్తు ఎక్కడ ఆగుతోంది?

ఇంటి పన్ను పేరు మార్పిడి కోసం మున్సిపల్ ఆఫీసుకు వచ్చి వెనక్కి తిరిగి వెళ్లేవాళ్లలో చాలామందిది ఒకటే కథ. ఇల్లు తండ్రిది. ఆయన పోయి ఏళ్లు గడిచాయి. పన్ను కొడుకులే కడుతున్నారు కానీ రసీదు మీద ఇంకా ఆయన పేరే వస్తోంది. లోన్ కావాలనో, పైన రెండు గదులు వేసుకోవాలనో, అమ్మాలనో అనుకున్నప్పుడు ఈ సంగతి బయటపడుతుంది. ఇక అక్కడి నుంచి తొందర, టెన్షన్. ఆ తొందరను కనిపెట్టే మనిషి జిరాక్స్ సెంటర్ దగ్గరే ఉంటాడు. "మీరు తిరగలేరు, నేను చేయించి పెడతా" అంటాడు. నల్లగొండ అయినా, మహబూబ్‌నగర్ అయినా, మిర్యాలగూడ, వనపర్తి, గద్వాల అయినా ఇదే తీరు.

అసలు ఈ దరఖాస్తు మీకు అవసరమో కాదో ముందు చూసుకోండి. ఇల్లు కొన్నవాళ్లకు ఇప్పుడు చాలావరకు ఈ బాధ లేదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్ట్రేషన్ అప్పుడే మ్యుటేషన్ (పేరు మార్పిడి) ఫీజు కూడా కట్టించుకుంటారు, పన్ను రికార్డులో పేరు దాంతోపాటే మారాలి. మారిందో లేదో మున్సిపల్ పరిపాలన శాఖ వెబ్‌సైటులో అసెస్‌మెంట్ నంబరు కొట్టి చూస్తే తెలుస్తుంది. మారకపోతే రిజిస్ట్రేషన్ కాగితం, ఫీజు కట్టిన రసీదు పట్టుకెళ్లి సరిచేయించుకోవడమే, మళ్లీ ఎవరికీ డబ్బు ఇవ్వాల్సిన పని లేదు. ఈ పద్ధతి రాకముందు కొని, అప్పట్లో పేరు మార్పించుకోనివాళ్లు మాత్రం దస్తావేజుతో విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. పొలం సంగతి పూర్తిగా వేరు, దానికి భూభారతి అనే ప్రభుత్వ భూరికార్డుల పోర్టల్ ఉంది. ఊళ్లో ఇంటి కోసం భూభారతిలో వెతికి "మా పేరు లేదు" అని కంగారు పడేవాళ్లూ ఉన్నారు. అందులో ఉండేది వ్యవసాయ భూమే.

పట్టణంలో రోడ్లు ఊడవడం, మురికి కాల్వలు తీయడం, వీధి దీపాలు, చెత్త బండి, వీటన్నిటికీ మున్సిపాలిటీకి సొంతంగా వచ్చే ఆదాయంలో పెద్దది ఈ ఇంటి పన్నే. డిమాండ్ నోటీసులో గ్రంథాలయ సెస్సు అని విడిగా కనిపించేది పన్ను మీద రూపాయికి 8 పైసలు, అది జిల్లా గ్రంథాలయ సంస్థకు వెళుతుంది. ఫైరింజన్ మాత్రం మున్సిపాలిటీది కాదు, రాష్ట్ర అగ్నిమాపక శాఖది. "ఫైర్ వాళ్ల ఎన్ఓసీ తెస్తేనే పేరు మారుతుంది, దానికి వేరే ఖర్చు" అని ఎవరైనా అంటే ఒకటి అడగండి: మా ఇంటి ఎత్తు ఎంత? ఆ ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) నివాస భవనాలకు 18 మీటర్లు, వాణిజ్య భవనాలకు 15 మీటర్ల ఎత్తు నుంచి, ఇంకా ఫంక్షన్ హాళ్లు, స్కూళ్లలాంటి వాటికి. రెండంతస్తుల ఇంటి వారసత్వానికి దాంతో ఏ పనీ లేదు.

మామూలు దశలు త్వరగా చెప్పేస్తాను. పాత రసీదు మీద ఉన్న అసెస్‌మెంట్ నంబరు తీసుకోండి. బకాయి ఎంతుందో చూసి మొత్తం కట్టేయండి, బాకీ ఉంటే ఫైలు కదలదు. ఆలస్యానికి నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది కాబట్టి ఏళ్ల తరబడి ఆగిన ఇళ్లకు అసలు కంటే వడ్డీ బరువైపోతుంది. ప్రభుత్వం కొన్ని సంవత్సరాల్లో వడ్డీలో 90 శాతం మాఫీ ప్రకటించింది. అలాంటి అవకాశం నడుస్తోందేమో కౌంటర్‌లో అడిగి కట్టడం మంచిది. ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్ 30 లోపు కట్టేవారికి 5 శాతం తగ్గింపు ఇచ్చేది కూడా ఉంది. ఆ తర్వాత మరణ ధ్రువపత్రం, ఆధార్‌లు, ఇంటి దస్తావేజు ఉంటే దాని కాపీ, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ జతచేసి ఆన్‌లైన్‌లో గానీ, ఆఫీసులోని పౌర సేవా కేంద్రంలో గానీ దరఖాస్తు ఇస్తారు. ఫీజు కట్టి రసీదు తీసుకుంటారు. బిల్ కలెక్టర్ ఇంటికొచ్చి చూస్తాడు, రెవెన్యూ సెక్షన్ రాస్తుంది, కమిషనర్ ఆమోదిస్తారు. అంతే.

ఈ వరుసలో ఒక కాగితం దగ్గరే అంతా ఆగుతుంది.

ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్

ఇది మున్సిపాలిటీ ఇచ్చేది కాదు, తహసీల్దార్ ఇస్తారు. మీసేవలో దరఖాస్తు పెడితే గిర్దావర్ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) విచారణకు వస్తాడు, ఇరుగుపొరుగు వాళ్ల వాంగ్మూలం తీసుకుంటాడు. పోయిన మనిషికి ఎవరెవరు ఉన్నారో రాసి ఇవ్వడమే ఈ పత్రం పని. ఆస్తి ఎవరికి ఎంత అని ఇది చెప్పదు.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే, అందులో రాసే పేర్ల దగ్గర. కొడుకుల పేర్లు రాస్తారు, తల్లి పేరు రాస్తారు, పెళ్లయి వెళ్లిపోయిన ఆడబిడ్డల పేర్లు వదిలేస్తారు. కొందరు కావాలనే చేస్తారు, కానీ చాలామంది దురుద్దేశంతో కాదు. "కట్నం ఇచ్చి పెళ్లి చేశాం కదా, ఆమెకు ఈ ఇంటితో ఏం సంబంధం" అనే నమ్మకంతోనే చేస్తారు. ఫారం నింపే కుర్రాడు కూడా "ఇక్కడ ఉంటున్నవాళ్ల పేర్లే చాలు అన్నా" అంటాడు. చాలవు. వీలునామా రాయకుండా పోయిన హిందూ తండ్రి సొంత ఆస్తిలో భార్య, కొడుకులు, కూతుళ్లు, ఆయన తల్లి బతికుంటే ఆమె, అందరికీ సమాన హక్కు ఉంటుంది. పెళ్లయిందా లేదా అన్న ప్రశ్నే రాదు. తండ్రి కంటే ముందే చనిపోయిన కొడుకు ఉంటే అతని భార్యాపిల్లలు కూడా లెక్కలోకి వస్తారు. ముస్లిం కుటుంబాల్లో వాటాలు వేరుగా ఉంటాయి, కానీ కూతుళ్ల పేర్లు వదిలేయకూడదన్నది అక్కడా అంతే.

పేరు వదిలేసిన సర్టిఫికెట్‌తో మున్సిపాలిటీలో పని జరిగిపోవచ్చు, అక్కడ ఎవరూ అడ్డుకోకపోవచ్చు. దళారి కూడా ఆ ధైర్యంతోనే మాట్లాడతాడు. అసలు చిక్కు తర్వాత వస్తుంది. బ్యాంకుకు వెళ్తే వాళ్ల లాయరు "మీకు అక్కచెల్లెళ్లు లేరా" అని అడుగుతాడు. అప్పటికే పన్ను రికార్డు మారిపోయి ఉంటుంది, అబద్ధపు వివరాలతో అఫిడవిట్ మీద సంతకం పెట్టి ఉంటారు. సర్టిఫికెట్ రద్దు చేయించి మళ్లీ మొదటి నుంచి రావాలి. ఆలోగా అక్కకు ఈ సంగతి ఎవరో చెప్పి ఉంటారు. ఇంట్లో మాటలు ఆగిపోయిన కుటుంబాలు ఈ పత్రం వల్ల తక్కువేం లేవు. మొదట్లోనే ఫోన్ చేసి "కాగితంలో నీ పేరు కూడా రాస్తున్నాం" అంటే అయిపోయే పని అది.

ఇంకో పొరపాటు పత్రం పేరు దగ్గర. "కోర్టు నుంచి సక్సెషన్ సర్టిఫికెట్ కావాలి, లాయరుతో మాట్లాడతా" అని చెప్పి వేలకు వేలు తీసుకుంటారు. సక్సెషన్ సర్టిఫికెట్ అనేది పోయినవారికి రావాల్సిన బాకీలు, బ్యాంకు డిపాజిట్లు, షేర్లు లాంటి వాటి కోసం కోర్టు ఇచ్చేది. ఇంటి పన్ను రికార్డుకు అది కాదు. వారసుల మధ్య గొడవ ఉండి మున్సిపాలిటీ కోర్టుకు వెళ్లమంటే అది వేరే విషయం.

పేర్లు కలవకపోతే

పన్ను రికార్డులో యాదయ్య, ఆధార్‌లో యాదగిరి, మరణ ధ్రువపత్రంలో ఇంటిపేరు లేకుండా యాదగిరయ్య. పాలమూరు, నల్లగొండ ఇళ్లల్లో ఇది సర్వసాధారణం. దీనికి భయపడక్కర్లేదు. ముగ్గురూ ఒకరేనని అఫిడవిట్, పాత రేషన్ కార్డు, ఓటరు జాబితా కాపీ జతచేస్తే చాలావరకు సరిపోతుంది. కానీ ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టేటప్పుడే మరణ ధ్రువపత్రంలో ఎలా ఉందో అలాగే రాయండి, లేకపోతే నాలుగో పేరు పుట్టుకొస్తుంది.

మరణ ధ్రువపత్రం మనిషి చనిపోయిన చోటే వస్తుంది, సొంతూరిలో కాదు. హైదరాబాద్ ఆస్పత్రిలో పోతే అక్కడే, పని కోసం వెళ్లి ముంబైలోనో భివండిలోనో పోతే అక్కడి మున్సిపల్ కార్పొరేషన్‌లోనే. వలస వెళ్లిన కుటుంబాలకు ఇదే పెద్ద ఇబ్బంది. 21 రోజుల్లోపు నమోదైతే ఖర్చు లేదు. ఏడాది దాటిపోతే ఆర్డీఓ స్థాయి అధికారి నుంచి ఉత్తర్వు తెచ్చుకోవాలి. ఆ ఉత్తర్వు కూడా మరణం జరిగిన చోటిదే అయి ఉండాలి. ఇక్కడ కూర్చుని "పుట్టిస్తాం" అనేవాళ్ల దగ్గరికి పోకండి, దొంగ పత్రం దొరికితే పోలీసుల దగ్గరికి వెళ్లేది మీరే.

ఇంటి నంబర్ల విషయంలో కూడా ఇదే జరుగుతుంది. దస్తావేజులో పాత నంబరు, రసీదులో కొత్త నంబరు ఉంటాయి. రెండూ ఒకే ఇల్లని మున్సిపల్ రికార్డు నుంచే రాయించుకోవచ్చు. చిట్యాల, హాలియా లాంటి చోట్ల 2018 దాకా పంచాయతీయే కాబట్టి పాత పంచాయతీ రసీదులు పారేయకండి.

ఒక్కరి పేరుకే కావాలంటే

దరఖాస్తుల్లో ఎక్కువ బేరం నడిచేది ఇక్కడే. వారసులందరి పేర్లూ రికార్డులో ఎక్కించడం తేలిక, దానికి ఈ సర్టిఫికెట్ చాలు. "తమ్ముడి ఒక్కడి పేరుకు చేసుకుంటాం, మిగతావాళ్లకు అభ్యంతరం లేదు" అంటే స్టాంపు కాగితం మీద నోటరీ చేయించిన నో అబ్జెక్షన్ అఫిడవిట్ ఇస్తారు. దాంతో పన్ను రికార్డులో పేరు మారవచ్చు. హక్కు మాత్రం మారదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం స్థిరాస్తిలో హక్కు వదులుకునే కాగితం రిజిస్టర్ అయితేనే చెల్లుతుంది. కాబట్టి నిజంగానే ఒక్కరికి ఇవ్వాలనుకుంటే సబ్ రిజిస్ట్రార్ దగ్గర భాగ పరిష్కార పత్రమో, హక్కు విడుదల పత్రమో చేసుకుని దాంతోనే మున్సిపాలిటీకి వెళ్లండి. డబ్బు అవుతుంది, కాదనను. రాలేని అన్న పుణేలో ఉంటే, తన తరఫున పత్రం దాఖలు చేయడానికి ఇచ్చే పవర్ ఆఫ్ అటార్నీ అక్కడి సబ్ రిజిస్ట్రార్ ముందే చేయాలి. ఇక్కడి నోటరీ దగ్గర అతని పేరుతో ఎవరో పెట్టే సంతకం ఎందుకూ పనికిరాదు.

వీలునామా రిజిస్టర్ కాకపోయినా చట్టప్రకారం చెల్లుతుంది. వారసుల్లో ఎవరైనా కాదంటే మాత్రం మున్సిపాలిటీ తేల్చదు, సివిల్ కోర్టులో తేలాల్సిందే.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. పన్ను రసీదు మీ పేరు మీద ఉన్నంత మాత్రాన ఇల్లు మీదని రుజువు కాదు. పన్ను ఎవరు కట్టాలో రాసుకునే పుస్తకం అది. పాత బస్తీల్లో ఆబాదీ (ఊరి నివాస) స్థలాల్లో కట్టిన ఇళ్లకు దస్తావేజే ఉండదు, తాతల నాటి రసీదులే ఉంటాయి. అలాంటి ఇళ్లలో అందరి పేర్లూ ఎక్కించుకోవడం ఇంకా ముఖ్యం, ఎందుకంటే చేతిలో ఉన్న ఆధారం అదొక్కటే.

బిల్ కలెక్టర్ వచ్చినప్పుడు

తండ్రి నాడు పెంకుటిల్లు, ఇప్పుడు స్లాబు, కింద ఒక షాపు. రికార్డులో ఇంకా పెంకుటిల్లే ఉంటుంది. పేరు మార్పిడి తనిఖీలో ఇది బయటపడి పన్ను పెరుగుతుందని కొందరు దరఖాస్తే పెట్టరు. పెరగడం నిజమే. కానీ 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టంలో కొలతలు, వాడకం యజమానే ప్రకటించాలి, తప్పుగా ప్రకటిస్తే 25 రెట్ల జరిమానా నిబంధన ఉంది. "చూసీ చూడనట్టు రాయిస్తా" అనే మాటకు లొంగితే ఆ ప్రకటన కింద సంతకం మీదే ఉంటుంది, చెప్పినవాడిది ఉండదు. కొలతలు మీరే టేపుతో ఒకసారి వేసుకుని ఉంచుకోండి.

దరఖాస్తు నంబరు లేకుండా కౌంటర్ వదిలి రావద్దు. ఫైలు ఎందుకు ఆగిందో కారణం రాతపూర్వకంగా అడగండి, చెప్పకపోతే సమాచార హక్కు కింద అడిగితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో దరఖాస్తు నంబరుతో అర్జీ ఇస్తే దాన్ని సంబంధిత ఆఫీసుకు పంపుతారు. ఎవరైనా లంచం అడిగితే ఏసీబీ టోల్‌ఫ్రీ నంబరు 1064.

కొత్త డిమాండ్ నోటీసు రాగానే పేరు, ఇంటి నంబరు, విస్తీర్ణం ఆధార్‌తో, సర్టిఫికెట్‌తో పక్కపక్కన పెట్టి చూడండి. తప్పుంటే ఆ రోజే చెప్పండి. నల్లా కనెక్షన్ పేరు దానంతట అది మారదు, దానికి వేరే దరఖాస్తు పెట్టాలి. కరెంటు మీటరు టీజీఎస్పీడీసీఎల్‌ది కాబట్టి అక్కడ ఇంకొకటి. రెండింటికీ ఈ కొత్త రసీదు కాపీ అడుగుతారు, నాలుగు జిరాక్సులు ఎక్కువే తీసి పెట్టుకోండి.