మాజీ సైనికుల కుటుంబాలకు అండగా ఉండే బైక్ రైడింగ్ క్లబ్ పెట్టడం ఎలా?

పదిమంది బైకర్లు పోగై వారాంతం రైడ్‌కి వెళ్లడం తేలికే. ఆ పదిమందే మాజీ సైనికులకు, విధుల్లో ప్రాణాలు పోగొట్టుకున్నవారి ఇళ్లకు ఏళ్ల తరబడి ఆసరాగా ఉండాలంటే మాత్రం బండి స్టార్ట్ చేయకముందే కొన్ని తేల్చుకోవాలి.

1. ఏ పని చేస్తారో ఒక్కటి ఎంచుకోండి

"సైనికులకు సేవ" అని రాసుకుంటే ఏ పనీ ముందుకు సాగదు. 1993లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, గార్డెన్ సిటీలో మొదలైన అమెరికన్ లీజియన్ రైడర్స్‌ని (అమెరికన్ లీజియన్ అనే మాజీ సైనికుల సంఘానికి చెందిన బైకర్ల బృందం) చూడండి. 2006లో వాళ్లు లెగసీ రన్ పేరుతో దూరప్రయాణాలు మొదలుపెట్టారు. 2001 సెప్టెంబరు 11 తర్వాత విధుల్లో చనిపోయిన సైనికుల పిల్లల చదువులకు ఆ రైడ్ల ద్వారా విరాళాలు సేకరించారు. 2005లో కాన్సాస్‌లో పుట్టిన పేట్రియట్ గార్డ్ రైడర్స్ ఎంచుకున్న పని వేరు. సైనికుల అంత్యక్రియల దగ్గర కొందరు నిరసనలకు దిగుతుంటే, కుటుంబం కంట అది పడకుండా జెండాలు పట్టుకుని అడ్డుగా నిలబడ్డారు. అదీ కుటుంబం పిలిస్తేనే వెళ్తారు. ఈ రెండూ నిలబడటానికి కారణం, ఏం చేయాలో సభ్యులందరికీ స్పష్టంగా తెలియడమే అని నా నమ్మకం.

2. సభ్యులను చేర్చుకోండి

సైన్యంలో పనిచేసినవాళ్లు, చేయనివాళ్లు ఇద్దరూ కావాలి. నిర్ణయాల్లో మాత్రం మాజీ సైనికుల మాటే ముందుండాలి. సర్వీసు పత్రాలను ఒక్కరే చూసి, వెంటనే తిరిగి ఇచ్చేయాలి. వాటి ఫొటోలు గ్రూపులో తిరగకూడదు. "యుద్ధంలో ఏం చూశారు?" అని ఎవరూ అడగకూడదన్నది మొదటిరోజే చెప్పేయండి. చాలామంది మాజీ సైనికులకు బైక్ నచ్చేది ఇందుకే: పక్కన తోడు ఉంటుంది, మాట్లాడాల్సిన అవసరం ఉండదు. చెప్పాలనిపిస్తే టీ తాగేటప్పుడు వాళ్లే చెప్తారు.

3. ఇంటికి వెళ్లి అడగండి

మొదటిసారి ఇద్దరే వెళ్లండి, గుంపుగా వద్దు. వాళ్లకు ఏం కావాలో మీరు ఊహించుకోకండి. పెన్షన్ కాగితాల దగ్గర ఆగిపోయి ఉండవచ్చు, ఆస్పత్రికి తీసుకెళ్లే మనిషి లేకపోవచ్చు.

చనిపోయిన మనిషి బైక్ షెడ్డులోనే ఉండిపోయిన ఇళ్లు కూడా ఉంటాయి. బ్యాటరీ దిగిపోయి, ట్యాంకులో పెట్రోలు పాడైపోయి, కార్బ్యురేటర్ ఉంటే అందులో జిగురు పేరుకుపోయి, టైర్లు నేలకు ఆనినచోట చదునుగా మారిపోయి ఉంటాయి. రైడింగ్ క్లబ్ అంత బాగా చేయగల సాయం మరొకటి ఉండదు. కానీ తొందరపడకండి. తాళం వాళ్లే ఇవ్వాలి. సీటు మీది దుమ్ము దులపమంటారో వద్దంటారో కూడా అడగాలి. కొందరికి బండి నడవాలని ఉంటుంది, కొందరికి అది ఉన్నది ఉన్నట్టే ఉంటే చాలు.

4. రైడ్‌ని క్రమశిక్షణతో నడపండి

సాయానికి వెళ్తూ ప్రమాదం తెచ్చుకుంటే ఇంకో కుటుంబానికి కష్టం తెచ్చినట్టే. అందుకే ఈ విషయంలో మొహమాటం వద్దు.

ఎంతమంది వచ్చినా 5 నుంచి 7 బండ్ల చొప్పున చిన్న జట్లుగా విడదీయండి. ముందు లీడ్ రైడర్, చివర స్వీప్ రైడర్ ఇద్దరూ అనుభవజ్ఞులై ఉండాలి. కొత్తవాళ్లను లీడ్‌కి వెనకే ఉంచండి, వాళ్ల వేగాన్ని బట్టే జట్టు నడవాలి. లీడ్ రైడర్ తన లేన్‌లో రోడ్డు మధ్యవైపుకి ఉంటే, రెండో బండి అంచువైపు, ఒక సెకను దూరంలో. మూడోది మళ్లీ లీడ్ వరసలో, లీడ్‌కి కనీసం రెండు సెకన్ల వెనక. మలుపులు వచ్చినా, రోడ్డు ఇరుకైనా, చూపు సరిగా ఆనకపోయినా ఒకే వరసలోకి మారిపోవాలి. సిగ్నల్ దగ్గర జట్టు తెగితే రెడ్ దాటొద్దు, ముందు వెళ్లినవాళ్లు ఆగుతారు. పెట్రోలు కోసం ఎక్కడ ఆగాలన్నది అన్నిటికన్నా చిన్న ట్యాంకున్న బండిని చూసి నిర్ణయించండి.

బయలుదేరే ముందు టైర్లలో గాలి, బ్రేకులు, చైను, లైట్లు ఒకసారి చూసుకోండి. రైడ్ పూర్తయ్యేదాకా మందు ముట్టకూడదు.

ఇంకో ముఖ్యమైన విషయం: ఇళ్ల దగ్గర, స్మారకాల దగ్గర ఇంజన్ రేజ్ చేయకండి. సైలెన్సర్‌లోంచి టపీమని వచ్చే శబ్దం కొందరు మాజీ సైనికులను ఒక్కసారిగా యుద్ధరంగంలోకి లాక్కుపోతుంది.

5. లెక్కలు తెరిచి ఉంచండి

విరాళాలకు వేరే ఖాతా, ఇద్దరి సంతకాలు, అందరికీ కనిపించే లెక్క. రైడర్ల పెట్రోలు, జాకెట్లు, ప్యాచ్‌ల ఖర్చు సొంత జేబులోంచే. సాయం తీసుకున్నవారి ఫొటోలు, పేర్లు వాళ్లు సరేనంటేనే బయటకు రావాలి.

6. రెండో ఏడాదిని ముందే రాసుకోండి

మనిషిని పోగొట్టుకున్న ఇంటికి మొదటి నెలల్లో వచ్చేవాళ్లు చాలామందే ఉంటారు. తర్వాత ఫోన్లు తగ్గిపోతాయి. క్లబ్ అవసరం అసలు అప్పుడే. ఒక్కో కుటుంబానికి ఒక సభ్యుణ్ని బాధ్యుడిగా పెట్టి, నెలకోసారి పలకరించమనండి. మాటల్లో ఎవరైనా బతకాలని లేదన్నట్టు ధ్వనిస్తే దాన్ని రహస్యంగా ఉంచకూడదు. వాళ్లను ఒంటరిగా వదలకుండా వెంటనే వైద్య సాయం అందేలా చూడాలి. అలాంటి సాయం అందించేవాళ్ల నంబర్లు ప్రతి సభ్యుడి ఫోన్‌లోనూ ఉండాలి.

వర్ధంతి తేదీ క్లబ్ క్యాలెండర్‌లో రాసిపెట్టండి. వారం ముందే ఫోన్ చేసి, రమ్మంటారా అని అడగండి. వద్దంటే ఆ ఏడాదికి మానేసి, పై ఏడు మళ్లీ అడగండి.