చిన్న నగరంలో ఆరోగ్య అవసరాల అంచనా – 4వ పాఠం: ముందు దేన్ని పట్టుకోవాలి?

సమస్యల జాబితా 3వ పాఠంలో సిద్ధమైంది. వాటికి మార్కులు వేసే ముందు అంకెల్ని శుభ్రం చేసుకోవాలి.

నగరంలో పెద్దాసుపత్రి ఉంటే చుట్టుపక్కల ఊళ్లవాళ్లూ అక్కడే చనిపోతారు. మరణం జరిగిన చోటునుబట్టి లెక్కిస్తే నగరం ఉన్నదానికన్నా రోగిష్టిదిగా కనిపిస్తుంది. అందుకే నివాస చిరునామా చూసి బయటివారిని తీసేయండి. బయట చనిపోయిన నగరవాసుల్ని కలపండి. ఈ రెండో పని చాలామంది మరిచిపోతారు.

ఇక చిన్న సంఖ్యలు. ఒక ఏడాది 4 శిశుమరణాలు, మరుసటి ఏడాది 8 ఉంటే ‘రెట్టింపయ్యాయి’ అని ప్రకటించకండి. అంత తేడా యాదృచ్ఛికంగానూ వస్తుంది. 20కి తక్కువ ఘటనలతో కట్టిన రేటు నిలకడగా ఉండదు. 3 నుంచి 5 ఏళ్ల మరణాలను కలిపి, అన్నేళ్ల సజీవ జననాలతో భాగించండి. ప్రతి బిడ్డ మరణానికీ కారణం మాత్రం వెంటనే విచారించాల్సిందే, దానికి రేటు కోసం ఆగక్కర్లేదు.

మార్కులకు హాన్లన్ పద్ధతి వాడదాం; ఏ ఆరోగ్య సమస్యను ముందు పట్టుకోవాలో మార్కులతో తేల్చే పద్ధతి ఇది. పరిమాణం, తీవ్రత, చర్య ఫలించే అవకాశం (క్లుప్తంగా ‘ఫలితం’): ఒక్కోదానికి 0–10. సూత్రం ఇది:

(పరిమాణం + 2 × తీవ్రత) × ఫలితం

జనాభాలో 25 శాతం, ఆపైన ఉన్న సమస్యకు పరిమాణం 9 లేదా 10, 10–24.9 శాతానికి 7 లేదా 8, 1–9.9 శాతానికి 5 లేదా 6. ఉదాహరణకు అధిక రక్తపోటుకు 9, 7, 8 వేశారనుకుందాం: (9 + 14) × 8 = 184. ఇక్కడ పరిమాణం ఒక మార్కు తగ్గితే మొత్తంలో పోయేది 8. ఫలితం ఒక మార్కు తగ్గితే పోయేది 23! కాబట్టి వాదన ఎక్కువగా ఫలితం మీదే జరగాలి. ‘ఇది బాగుపడాలి’ అన్న కోరికతో కాక, ఆ చర్య ఇతరచోట్ల ఎంత పనిచేసిందో ఆధారం చూసి మార్కు వేయాలి.

మార్కులు బిగ్గరగా చెప్పించకండి. పెద్ద డాక్టరు 8 అంటే గదంతా 8 అంటుంది. అందరూ విడివిడిగా కాగితం మీద రాయాలి. 3 మార్కులకు మించి తేడా వచ్చినచోట కారణాలు విని, మళ్లీ రాయించండి. పేదల వాడలకు విడిగా మార్కులు వేయండి, నగర సగటులో వాళ్ల కష్టం కనబడదు.

చివరి జల్లెడ ఐదు ప్రశ్నలు: ఇది మన బాధ్యతేనా, ఖర్చుకు తగిన ఫలం ఉందా, జనం ఒప్పుకుంటారా, వనరులున్నాయా, చట్టం అనుమతిస్తుందా? ఒక్కదానికి ‘లేదు’ వచ్చినా మార్కు సున్నా. వనరులు లేక సున్నా అయినదాన్ని కొట్టేయకుండా, నిధులు అడగాల్సిన జాబితాలో రాయండి.

అభ్యాసం: విరేచనాలకు 6, 5, 9; రొమ్ము క్యాన్సర్‌కు 3, 9, 6. ఏది ముందు? విరేచనాల ఫలితం 7కు దిగితే వరుస ఏమవుతుంది?