హెడ్డు పని నేర్చుకుందాం – 5: పోర్టు నోరు, పోర్టు గొంతు

ఈ పాఠంలో హెడ్డులోని పోర్టుల్ని (గాలి వచ్చిపోయే దారుల్ని) గీకడానికి గ్రైండర్ పట్టుకుంటామని పోయినసారి మాటిచ్చాను. పట్టుకుంటాం, కాకపోతే సగం దూరం వెళ్ళాక. నాలుగో పాఠం చూసి ఫ్లో బెంచ్ (హెడ్డు గుండా ఎంత గాలి పోతుందో కొలిచే పరికరం) కట్టుకున్నవాళ్ళు పంపిన కొలతలు ముందేసుకుని కూర్చున్నాను. ఆ గొడవ తేల్చకుండా ఇనుము గీకమని చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. అందరివీ పాత అంబాసిడర్ హెడ్డులే, 1489 సీసీ ఓహెచ్‌వీ (వాల్వులు పైన హెడ్డులో ఉండే) పెట్రోల్ ఇంజనువి. ఎవరూ ఇంకా చెయ్యి పెట్టనివి. అయినా ఒకరి అంకెకీ ఇంకొకరి అంకెకీ నలభై శాతం తేడా. ఒకే రకం హెడ్డుల మధ్య అంత తేడా రాదు.

తప్పులో పెద్ద వాటా నాదే. "నీళ్ళ గొట్టంలో 10 అంగుళాలు రానిచ్చి కొలవండి" అని ఒక్క ముక్కలో రాసి ఊరుకున్నాను. యూ గొట్టంలో ఒక వైపు నీళ్ళు ఎంత ఎక్కితే రెండో వైపు అంత దిగుతాయి. 10 అంగుళాలంటే ఆ రెండు మట్టాల మధ్య ఉన్న మొత్తం తేడా. సున్నా గీత నుంచి ఒక పక్క 5 పైకి, ఇంకో పక్క 5 కిందికి. కొందరు ఒక పక్కే 10 ఎక్కేదాకా మోటారు పెంచారు. అంటే 20 దగ్గర కొలిచారు. పీడనం తేడా రెట్టింపైతే గాలి రెట్టింపవదు, వర్గమూలం లెక్కన 1.41 రెట్లవుతుంది. ఆ నలభై శాతం ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది కదా. ఆ కొలతలు పారేయనక్కర్లేదు, 1.41తో భాగించండి చాలు.

ఇదే లెక్కతో ఇంకో సందేహం కూడా తీరుతుంది. బయట షాపుల వాళ్ళు చెప్పే సీఎఫ్ఎం (నిమిషానికి ఎన్ని ఘనపు అడుగుల గాలి) అంకెలు చాలావరకు 28 అంగుళాల దగ్గర కొలిచినవి. మన వాక్యూమ్ క్లీనర్ మోటార్లు పెద్ద లిఫ్ట్ (వాల్వు తెరుచుకునే దూరం) దగ్గర అంత లాగలేవు, అందుకే మనం 10 దగ్గర ఆగాం. 10 దగ్గరి అంకెని 28కి మార్చాలంటే 1.67తో గుణించాలి. ఎన్ని అంగుళాల దగ్గర కొలిచారో చెప్పకుండా ఎవరైనా సీఎఫ్ఎం చెబితే నేను వినను, మీరూ వినకండి.

తర్వాతి గొడవ స్ప్రింగులది. బెంచ్ మీద వాల్వుల ఒరిజినల్ స్ప్రింగులు వద్దు, మెత్తటివి పెట్టుకోండి అన్నాను. ఒకాయన బాల్‌పెన్ స్ప్రింగు పెట్టారు! ఇన్‌లెట్ కొలిచేటప్పుడు బెంచ్ సిలిండర్ వైపు నుంచి పీలుస్తుంది. ఆ పీల్పు మూసి ఉన్న ఎగ్జాస్ట్ వాల్వుని కూడా కిందికి లాగుతుంది. 10 అంగుళాల దగ్గరే ఆ వాల్వు తలకాయ మీద 200 గ్రాములకు పైగా లాగుడు పడుతుంది. పెన్ను స్ప్రింగు దానికి ఏం ఆగుతుంది? ఎగ్జాస్ట్ వాల్వు కొద్దిగా దిగి, అక్కడినుంచి దొంగగాలి వచ్చి, ఆయన హెడ్డు అందరికంటే గొప్పగా కనిపించింది. ఇంకొకరు స్పార్క్ ప్లగ్గు బొక్క మూయడం మరిచిపోయారు. అది నేను చెప్పలేదు, చెప్పాల్సిన సంగతి అనుకోలేదు.

అందుకని రోజూ మొదలుపెట్టే ముందు రెండు వాల్వులూ మూసి, ప్లగ్గు బిగించి, బెంచ్ ఆన్ చేయండి. అంకె సున్నాకి ఆనుకుని ఉండాలి. లేకపోతే సబ్బు నురగ కాదు, అగరుబత్తి పొగ పట్టండి. లోపలికి పీల్చే చోట బుడగలు రావు, పొగ మాత్రం లీకు ఎక్కడుంటే అక్కడికి వంగుతుంది.

బెంచ్ సంగతి ముగించే ముందు ఒక రేకు చేయించుకోండి. పల్చటి రేకులో సరిగ్గా 30 మి.మీ. బొక్క, అంచు పదునుగా ఉండాలి. దాన్ని హెడ్డు కూర్చునే చోట పెట్టి కొలిస్తే 28 అంగుళాల దగ్గర సుమారు 100 సీఎఫ్ఎం, 10 దగ్గర సుమారు 60 రావాలి. మీది 66 చూపిస్తే కంగారు పడకండి. రేపు కూడా 66 చూపిస్తుందా అన్నదే ముఖ్యం. బెంచ్ అబద్ధం చెప్పినా పర్వాలేదు, రోజూ ఒకే అబద్ధం చెప్పాలి. సాయంత్రం ఓల్టేజీ పడిపోయే ఊళ్ళలో ఉన్నవాళ్ళకి ఈ రేకు మరీ అవసరం.

ఇక హెడ్డు దగ్గరికి వద్దాం. వాల్వులు ఊడదీయడం, కార్బన్ గీకడం, క్రాక్ టెస్ట్ ఇవన్నీ మీకు వచ్చనే అనుకుంటున్నాను.

ఈ హెడ్డుకి ఇన్‌లెట్ నోళ్ళు రెండే. 1, 2 సిలిండర్లకి ఒకటి, 3, 4కి ఒకటి. ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరస) 1-3-4-2 కాబట్టి 2 పీల్చాక వెంటనే 1 పీలుస్తుంది, తర్వాత చాలాసేపు ఆ నోట్లో ఎవరూ పీల్చరు. ఒక పళ్ళెంలో ఇద్దరు తిన్నట్టే, వాటాల్లో తేడా వస్తుంది. ఆ తేడా బెంచ్ మీద తెలియదు. ఇప్పటికి దాన్ని వదిలేయండి.

కంబషన్ ఛాంబర్ గుండె ఆకారంలో ఉంటుంది, రెండు వాల్వుల మధ్యకి ఒక ముక్కు పొడుచుకొస్తుంది. ఇది హ్యారీ వెస్లేక్ ఆలోచన. జాగ్వార్ ఎక్స్‌కే హెడ్డులో కూడా ఆయన చెయ్యి ఉంది, గాలి ప్రవాహం కొలిచి పని చేసిన మనిషి. ఆ ముక్కు కోసేస్తే గాలి పెరుగుతుందని చాలామందికి అనిపిస్తుంది. మొదటి హెడ్డులో దాని జోలికి పోవద్దు.

ఇప్పుడు నాకు ఒళ్ళు మండే సంగతి. గ్యాస్కెట్ మ్యాచింగ్. మానిఫోల్డ్‌కీ (కార్బురేటర్ నుంచి గాలి తెచ్చే గొట్టం) హెడ్డుకీ మధ్య పెట్టే గ్యాస్కెట్ హెడ్డు ముఖం మీద అతికించి, మార్కర్‌తో గీత గీసి, పోర్టు నోరు ఆ గీత దాకా తెరిచేయడం. నాకు వచ్చిన ఫొటోల్లో సగం ఇవే. గ్రైండర్ ఇంకా పట్టవద్దని రాశాక కూడా! ఎందుకు చేస్తారో నాకు తెలుసు. పోర్టులో చెయ్యి హాయిగా అందే చోటు అదొక్కటే. గీకితే మెరుస్తుంది, ఫొటోలో బాగుంటుంది.

గ్యాస్కెట్ బొక్క పోర్టు కంటే ఎప్పుడూ కాస్త పెద్దదే కోస్తారు. బిగించేటప్పుడు అటూ ఇటూ జరిగినా దారికి అడ్డం రాకూడదని. అది పోర్టు కొలత కాదు. పోర్టు నోరు 33 మి.మీ. ఉందనుకోండి, గ్యాస్కెట్‌ది 36. మీరు 36 దాకా తెరిచారు. వైశాల్యం 19 శాతం పెరిగింది. మానిఫోల్డ్‌లో వేగంగా వస్తున్న గాలి ఆ గదిలోకి రాగానే నెమ్మదిస్తుంది, గోడని వదిలి సుడి తిరుగుతుంది, ఒక అంగుళం లోపల మళ్ళీ 33లోకి దూరడానికి మళ్ళీ వేగం పుంజుకోవాలి. ఒక్క అంగుళం దారిలో రెండుసార్లు నష్టం.

పొలం చూసినవాళ్ళకి ఇంకోలా చెబుతాను. తూము అడుగు వెడల్పు. దానికి పది గజాల పైన కాలువ గట్టు తవ్వి రెట్టింపు వెడల్పు చేశారు. తూము దాటే నీళ్ళు పెరిగాయా? తవ్విన చోట ఒండ్రు పేరుకుంటుంది, అంతే. ఇంజనులో ఒండ్రుకి బదులు పెట్రోల్ తుంపర. గాలి నెమ్మదించిన చోట తడి గోడకి అంటుకుంటుంది. కార్బురేటర్ బండి కాబట్టి ఇది మీ అనుభవంలోకి వస్తుంది: చల్లటి ఉదయం, తక్కువ ఆర్‌పీఎంలో, యాక్సిలరేటర్ నొక్కగానే ఒక దగ్గు.

నేను మొదటి హెడ్డు ఇలాగే పాడుచేశాను. వరసగా ఆరు సాయంత్రాలు నోళ్ళ మీదే కూర్చున్నాను, అద్దంలా తీర్చాను. బెంచ్ మీద పెడితే నీళ్ళ మట్టం ఉన్న చోటునుంచి కదల్లేదు. గొట్టంలో ఏదో ఇరుక్కుందనుకుని దాన్ని విప్పి కడిగాను కూడా. తెచ్చిపెట్టుకున్న కార్బైడ్ బర్రు (గ్రైండర్‌కి బిగించే గీకుడు ముక్క) అరిగింది తప్ప ఒరిగింది లేదు.

మానిఫోల్డ్, హెడ్డు కలిసే చోట చూడాల్సింది ఒక్కటే: గాలికి ఎదురుగా మెట్టు ఉండకూడదు. మానిఫోల్డ్ బొక్క చిన్నది, హెడ్డు బొక్క పెద్దది అయితే గాలి మెట్టు దిగుతుంది, పెద్ద నష్టం లేదు. అటుది ఇటైతే గాలి అంచుకి గుద్దుకుంటుంది. ఆ అంచు ఎక్కడ కనబడితే అక్కడ మాత్రం గీకి లోపలికి సాఫీగా కలపండి. గ్యాస్కెట్ లోపలికి పొడుచుకొస్తే గ్యాస్కెట్టే కత్తిరించండి.

మరి ఇరుకు ఎక్కడుంది? ఇన్‌లెట్ వాల్వు 38 మి.మీ. అనుకుందాం. వాల్వు దిగినప్పుడు దాని చుట్టూ తెరుచుకునే సందు వైశాల్యం = 3.14 × వ్యాసం × లిఫ్ట్. 2 మి.మీ. లిఫ్ట్ దగ్గర 239 చ.మి.మీ., 5 దగ్గర 597. సీటు (వాల్వు మూసుకున్నప్పుడు ఆనే అంచు) కింద గొంతు 34 మి.మీ. ఉండి, అందులో 8.7 మి.మీ. వాల్వు కాడ పోగా మిగిలేది 848 చ.మి.మీ. వాల్వు సందు ఈ 848ని అందుకునేది 7.1 మి.మీ. లిఫ్ట్ దగ్గర. అప్పటిదాకా గాలిని ఆపేది సీటు. ఆ తర్వాత గొంతు, గొంతు కిందున్న మలుపు. నోటి దగ్గర 33 మి.మీ. బొక్క 855 చ.మి.మీ., అక్కడ కాడా లేదు, గైడూ (కాడ జారే గొట్టం) లేదు, మలుపూ లేదు.

కాబట్టి పని వరస ఇది. ముందు సీట్లు. చేత్తో కాదు, మంచి లేత్ షాపులో కోయించండి: 45 డిగ్రీల సీటు, పైన 30, కింద 60. సీటు వెడల్పు ఇన్‌లెట్‌కి 1.5 మి.మీ. లోపు చాలు. ఎగ్జాస్ట్‌కి 2 దాకా ఉంచమనండి, ఆ వాల్వు వేడి చాలావరకు దించుకునేది సీటు గుండానే. లెడ్ లేని పెట్రోల్ కాబట్టి ఎగ్జాస్ట్‌కి గట్టి సీటు రింగులు వేయిస్తే మంచిది, లేకపోతే వాల్వు మెల్లగా హెడ్డులోకి దిగబడిపోతుంది.

సీటు కోశాక లోపల వేలు పెట్టి చూడండి. కట్టర్ ఆగిన చోట, పోత ఇనుము మొదలయ్యే చోట, గోరుకి తగిలే గట్టు ఒకటి చుట్టూరా ఉంటుంది. మీ మొదటి పని ఆ గట్టు తీయడమే. బహుశా మీ ఆఖరి పని కూడా అదే కావచ్చు, ఎందుకంటే ఇంటి పనితో దొరికే లాభంలో ఎక్కువ భాగం అక్కడే ఉంది. పాత వాల్వు ఒకటి సీటు మీద కూర్చోబెట్టి పోర్టు వైపు నుంచి పని చేయండి, బర్రు జారినా సీటు బతుకుతుంది. గొంతు వ్యాసం వాల్వు వ్యాసంలో తొంభై శాతం దాటనివ్వకండి. గైడ్ చుట్టూ ఉన్న బొడిపెని రెండు పక్కలా సన్నం చేయండి, మొత్తం చెక్కేస్తే గైడ్‌కి ఆసరా పోతుంది. పోర్టు అడుగున, సీటుకి ముందు వచ్చే చిన్న మలుపుని గుండ్రం చేయండి, కిందికి తవ్వొద్దు. గాలి తిరగలేక గోడని వదిలేసేది అక్కడే. పుష్‌రాడ్ (వాల్వుని తెరిపించే కడ్డీ) వైపు గోడ పల్చన, అటు అసలే వద్దు.

మలుపు సరిగ్గా వచ్చిందో లేదో చూడ్డానికి నేను సైకిల్ స్పోక్ చివర దారం పోగు కట్టి లోపలికి పెడతాను. గోడ వెంట దారం నిలకడగా ఉంటే సరే, గిరగిరా కొట్టుకుంటే గాలి అక్కడ ఊడిపోయింది. ఖరీదైన పరికరాలు ఉన్నాయి, నాకు స్పోకే ఇష్టం. మెరుగు 80 నంబరు ఎమిరీతో ఆపండి. ఇన్‌లెట్‌కి అద్దం మెరుగు వద్దు.

అభ్యాసం. ఇనుము ముట్టుకోకముందు నాలుగు ఇన్‌లెట్లూ 1 నుంచి 9 మి.మీ. దాకా ఒక్కో మి.మీ.కి, మూడు వేర్వేరు రోజుల్లో కొలవండి. మొత్తం 108 కొలతలు. అవును, అన్నీ. ఒకే పోర్టు, ఒకే లిఫ్ట్ దగ్గర మూడు రోజుల అంకెల మధ్య రెండు శాతం కంటే ఎక్కువ తేడా వస్తే గ్రైండర్ పెట్టెలోనే ఉండాలి, తప్పు బెంచ్‌లో వెతకండి. సిలిండర్‌కి బదులు పెట్టే గొట్టం లోపలి వ్యాసం 73 మి.మీ.కి దగ్గరగా ఉండాలి, పోర్టు బయట అంచుకి పిల్లలు ఆడుకునే క్లే గుండ్రంగా అద్దాలి. అద్దకపోతే బెంచ్ కొలిచేది ఆ పదును అంచుని.

ఆ క్లే మిగిలితే ఇంకొకటి. 8 మి.మీ. లిఫ్ట్ దగ్గర, పోర్టు నోటి లోపల చుట్టూ అర మి.మీ. మందం క్లే పూసి కొలవండి. తీసేసి, అంతే మందం సీటు కింద గొంతులో పూసి కొలవండి. రెండు అంకెలూ పక్కపక్కనే రాసి పంపండి, ఆరో పాఠం వాటితోనే మొదలవుతుంది. గొంతులో క్లే తీశాక కిరసనాయిల్ గుడ్డతో తుడవండి, సీటు మీద సన్నటి పొర మిగిలినా వాల్వు మూసుకోదు, లీకు అంకె మళ్ళీ పెరుగుతుంది.