పెద్ద ఫార్మాట్ కెమెరాతో పోర్ట్రెయిట్: జాగ్రత్తలు

చలికాలపు మెత్తని వెలుతురులో 4×5 అంగుళాల ఫిల్మ్ షీట్లు వాడే కెమెరాతో పోర్ట్రెయిట్లు తీయబోయేవారు వీటిని సరిచూసుకోవాలి.

డార్క్ స్లైడ్ (షీటు ఉండే హోల్డర్‌లో వెలుతురుకు అడ్డుగా ఉండే పలక) లాగే ముందు షట్టర్ మూసి ఉన్నదో లేదో లెన్సు ముందుకు వచ్చి చూడాలి. ఫోకస్ కోసం తెరిచి మరచిపోతే షీటు అక్కడికక్కడే పాడవుతుంది. నేను ఒకే ఉదయం రెండు పోగొట్టుకున్నాను.

210 మి.మీ. లెన్సును ఎఫ్/5.6 వద్ద, అంటే లెన్సు రంధ్రం బాగా తెరిచి, ముఖానికి దగ్గరగా వాడితే కళ్లు స్పష్టంగా ఉన్నా చెవులు మసకబారతాయి, పైగా హోల్డర్ దూర్చాక గ్రౌండ్ గ్లాస్ (ఫోకస్ చూసుకునే వెనుక గాజు పలక) కనిపించదు కనుక, కెమెరా నుంచి ఎదుటివారి కంటి పక్కకు దారం కొలిచి ఉంచుకుని, షట్టర్ నొక్కబోయే ముందు మళ్లీ తాకించి చూడాలి.

అదే లెన్సుకు బెలోస్ (లెన్సుకూ ఫిల్ముకూ మధ్య ఉండే మడతల గొట్టం) 300 మి.మీ. వరకు సాగితే వెలుతురు సగమవుతుంది. ఒక స్టాప్ పెంచాలి, అంటే ఫిల్ముకు రెట్టింపు వెలుతురు ఇవ్వాలి.

తీసిన వెంటనే, వాడిన షీటని తెలిసేలా, స్లైడును నల్లని అంచు బయటికి వచ్చేలా తిప్పి పెట్టాలి, లేకుంటే ఒకే షీటుపై ఇద్దరి ముఖాలు పడతాయి.