సిమ్‌లో లోపలికి దిగే మంట, ఎక్కువ పెడితే లేచిపోయే మంట: సమస్య - పరిష్కారం

సమస్య: సిమ్‌లో పెట్టగానే మంట లోపలికి దిగిపోతుంది

నెల్లూరు చేపల పులుసు చివర్లో సన్న సెగ మీదే మగ్గాలి. సరిగ్గా అప్పుడే బర్నర్ టప్పుమని, పైన మంట మాయమై, లోపలినుంచి సన్నని రొద వినిపిస్తే గ్యాస్ తక్కువైందనుకొని నాబ్‌ను అటూ ఇటూ తిప్పుతూ ఉండకూడదు. మంట రంధ్రాలగుండా వెనక్కి దిగి జెట్ (గ్యాస్ బర్నర్‌లోకి దూసుకొచ్చే సన్నని మూతి) దగ్గర మండుతున్నదని దాని అర్థం. వెంటనే నాబ్ కట్టేసి, బర్నర్ పూర్తిగా చల్లారేవరకు ఆగాలి.

కారణం ప్రవాహంలో ఉంది. బర్నర్ రంధ్రం ఒక ఇరుకైన కాలువ. అందులో గ్యాస్, గాలి కలిసిన మిశ్రమం నడుమ వేగంగా, అంచులకు పోయేకొద్దీ నెమ్మదిగా సాగుతూ, గోడను ఆనుకున్న చోట దాదాపు నిలిచిపోతుంది. కనుపూరు కాలువలో గట్టు పక్క నీరు నడిమి నీటికన్నా నిదానంగా పోవడం చూసినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. వంటగ్యాస్‌లో ఉండే ప్రొపేన్ గాలితో తగిన పాళ్ళలో కలిసినప్పుడు మంట ఆ మిశ్రమంలోకి సెకనుకు సుమారు 40 సెంటీమీటర్ల వేగంతో పాకుతుంది. రంధ్రం నడుమ ప్రవాహం దాన్ని సులభంగా అడ్డుకుంటుంది, అంచున అడ్డుకోలేకపోవచ్చు. అయితే గోడ వేడిని లాగేసుకుంటుంది కనుక గోడకు మరీ దగ్గరగా మంట బతకలేదు. అందుచేత ఆ చల్లటి పొరను దాటిన వెంటనే మిశ్రమం ఎంత వేగంతో వస్తున్నదన్నదే అసలు ప్రశ్న. మంటలపై పరిశోధించిన శాస్త్రవేత్తలు లూయిస్, వాన్ ఎల్బే 1943లో ఈ విషయాన్ని గోడనుంచి లోపలికి పోయేకొద్దీ వేగం ఎంత త్వరగా పెరుగుతున్నదన్న కొలతతో వివరించారు. సిమ్‌లో ఆ పెరుగుదల పడిపోతుంది, మంట అంచు వెంబడి దిగుతుంది.

మేకుతోనో డ్రిల్లుతోనో రంధ్రాలను పెద్దవి చేసిన బర్నర్లలో ఇది మరీ ఎక్కువ. ప్రొపేన్ మంట రెండు సమాంతర గోడల మధ్య సుమారు 2 మిల్లీమీటర్లకన్నా ఇరుకు సందులో దూరలేదు. 1815లో ఇంగ్లండు శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ గనుల దీపానికి ఇనుప జాలీ చుట్టి, గనిలోని వాయువు పేలే ప్రమాదాన్ని ఆపింది ఈ గుణం ఆధారంగానే. రంధ్రం వెడల్పయితే ఆ రక్షణ పోవడమే కాక, అదే గ్యాస్‌కు ప్రవాహ వేగం కూడా తగ్గుతుంది. మంట బాగా రావాలని రంధ్రాలు పెంచడం నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద పొరపాటు. బర్నర్ అతిగా వేడెక్కినా, మూత సరిగా కూర్చోక పక్కన సందు మిగిలినా ఇదే జరుగుతుంది.

పరిష్కారం: మూతను సరిగా అమర్చి చూడండి. రంధ్రాలు అరిగి ఉంటే అదే మోడల్ కొత్త బర్నర్ వేయించండి. అప్పటికీ మంట దిగుతుంటే రెగ్యులేటర్ కట్టేసి మెకానిక్‌ను పిలవండి.

సమస్య: మంట బర్నర్‌ను వదిలి పైకి లేస్తుంది, ఆరిపోతుంది

ఇక్కడ అంచున కూడా ప్రవాహమే మంటకన్నా వేగంగా ఉంది. సగం రంధ్రాలు పొంగిన పాలతో, గంజితో మూసుకుపోయినప్పుడు మిగిలిన వాటిలోంచి మిశ్రమం ఉరుకుతుంది. ఇంటి పొయ్యికి హోటళ్ళలో వాడే హై ప్రెషర్ రెగ్యులేటర్ తగిలించడం మరో కారణం. అది ప్రమాదకరం, వెంటనే తీసివేయాలి. మూసుకున్న రంధ్రాలను సబ్బునీటితో, మెత్తని బ్రష్‌తో కడిగి, తడి పూర్తిగా ఆరాకే పెట్టాలి. గాలి తలుపు (బర్నర్‌లోకి పోయే గాలిని తగ్గించే, పెంచే మూత) ఉన్న పొయ్యి అయితే దాన్ని కొద్దిగా మూయాలి. కొత్తపట్నం, మైపాడు తీరాల్లోని టిఫిన్ బండ్లకు మధ్యాహ్నం సముద్రపు గాలి కూడా తోడవుతుంది. గాలి వచ్చే వైపు రేకు అడ్డు పెట్టాలి గానీ, సిలిండర్‌ను, పొయ్యిని కలిపి చుట్టూ మూసేయకూడదు.

సమస్య: మంట పసుపుగా ఉండి గిన్నెకు మసి పడుతుంది

జెట్ నుంచి దూసుకొచ్చే గ్యాస్ తనతో చాలినంత గాలిని లాగలేకపోతోంది. గాలి గొట్టంలో సాలెగూడో దుమ్మో ఉంటుంది, తీసివేయండి. నీలిమంటలో అప్పుడప్పుడు నారింజ రంగు మెరుపులు మాత్రమే కనిపిస్తే అది వేరే సంగతి: సముద్రపు గాలిలోని ఉప్పు మంటలో పడితే సోడియం ఇచ్చే రంగు అది. దానికి బర్నర్ విప్పనవసరం లేదు.