అబ్లేషన్ తర్వాత బండి, డ్యూటీ: నా అనుభవం

విశాఖలో అబ్లేషన్ (గుండె లయ తప్పించే చోటును లోపలే మాడ్చే చికిత్స) అయ్యి రాయగడ చేరాక ఇబ్బంది పెట్టింది గుండె కాదు, గజ్జ. గుండె దాకా పంపే సన్నని గొట్టం, కాథెటర్, వెళ్లేది అక్కడి సిరలోంచే. అందుకే వారం పాటు బైక్ కిక్ కొట్టకూడదు, 5 కిలోలు దాటిన బరువెత్తకూడదు. గ్యాస్ సిలిండర్ జోలికి అసలు పోవద్దు. శనగగింజంత గట్టిదనం, చుట్టూ కమిలిన మచ్చ మామూలే. రక్తం కారితే వెల్లకిలా పడుకుని 10 నిమిషాలు వదలకుండా నొక్కాలి, ఆగకపోతే 108.

కుర్చీ పనికి నాలుగో రోజున వెళ్లాను. కారైతే, డాక్టరు సరేనన్నాక, ఆగి ఉన్న బండిలోనే బ్రేకు గట్టిగా తొక్కి చూడండి. గజ్జలో నొప్పి లాగితే ఇంకా ఆగాలి. లారీ, బస్సు నడిపేవాళ్లకు గడువు ఎక్కువ.

గుండె పై గదులు అడ్డదిడ్డంగా కొట్టుకునే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కి చేయించుకున్నవాళ్లకు మొదటి రెండు మూడు నెలలు దడ మళ్లీ రావచ్చు, లోపలి గాయం మానుతుంటుంది కాబట్టి. రక్తం పలచబరిచే మాత్ర మాత్రం ఒక్క పూట కూడా మానొద్దు. ఆ వారాల్లో జ్వరం, మింగుడు కష్టం వస్తే అదే రోజు అబ్లేషన్ చేసిన ఆసుపత్రికి ఫోన్ చేయండి.