వానలు పడకముందే కారు కింద ఒకసారి చూడండి

జూన్ వచ్చేస్తోంది, గంట వాన గట్టిగా పడితే మన హైదరాబాద్‌లో మలక్‌పేట రైల్వే బ్రిడ్జి కింద, టోలిచౌకి దగ్గర నీళ్లు ఎట్లా నిలుస్తాయో మనకి తెలిసిందే. వైపర్లు, టైర్లు అందరూ చూసుకుంటారు కానీ గ్రీజు, ఆయిల్ సంగతి ఎవరూ పట్టించుకోరు. ఇనుమూ ఇనుమూ రాసుకోకుండా మధ్యలో ఆ సన్నటి ఆయిల్ పొర ఉన్నన్నాళ్లే బండికి ఆయుష్షు, అందులోకి నీళ్లూ ఇసుకా చేరాయంటే ఆ గ్రీజే పార్టుల్ని అరగదీసేస్తుంది.

అన్నిటికంటే ముందు డ్రైవ్ షాఫ్ట్ బూట్ చూడండి, అంటే చక్రాన్ని తిప్పే రాడ్డు జాయింట్‌లో గ్రీజు బయటికి పోకుండా, నీళ్లు లోపలికి రాకుండా ఉండే రబ్బరు తొడుగు. స్టీరింగ్ ఒక పక్కకి పూర్తిగా తిప్పి, ఇంజిన్ ఆఫ్ చేసి, హ్యాండ్ బ్రేక్ వేసి ముందు చక్రం వెనక ఫోన్ టార్చ్ కొడితే హార్మోనియం తిత్తిలాగా మడతలు మడతలుగా నల్ల రబ్బరు కనిపిస్తుంది, అదే. చీలికలు మడతల లోపల దాక్కుంటాయి కాబట్టి వేలితో విడదీసి చూడాలి. రిమ్ లోపలి వైపు నల్లగా గ్రీజు చిమ్మినట్టుంటే బూట్ చిరిగినట్టే. పోయినేడు మా కారుకి ఇది చూసి కూడా వానలు తగ్గాక చేయిద్దాంలే అనుకున్నాను, రెండు నెలల్లో యూటర్న్ తీసుకున్నప్పుడల్లా టక్ టక్ టక్‌మని మొదలైంది, బూట్ మార్చి గ్రీజు పెడితే అయిపోయే పని కాస్తా జాయింట్ మొత్తం మార్చేదాకా పోయింది. మీరు మాత్రం ఆగకండి.

ఇంజిన్ ఆయిల్ చెక్ చేసేటప్పుడు బండి చదునుగా ఉన్నచోట ఆపి, పది నిమిషాలాగి, డిప్‌స్టిక్ (ఆయిల్ ఎంతుందో చూపించే సన్నటి కడ్డీ) తుడిచి మళ్లీ ముంచి తీయండి, రెండు గుర్తుల మధ్య ఉండాలి. ఎక్కువ పోస్తే మంచిదే కదా అనుకోవద్దు, ఇంజిన్ అడుగున తిరిగే క్రాంక్ షాఫ్ట్ దాన్ని మజ్జిగ చిలికినట్టు చిలికి నురగ చేస్తుంది, నురగకి పొర నిలబడదు. ఆయిల్ గ్రేడ్, అంటే చిక్కదనం కూడా మాన్యువల్లో ఏది రాసుంటే అదే.

బ్రేక్ కాలిపర్ (డిస్క్‌ని ప్యాడ్లతో నొక్కి పట్టే భాగం) జరిగే పిన్నులకి సిలికాన్ గ్రీజే పెట్టమనండి, మామూలు గ్రీజు పెడితే లోపలి రబ్బరు ఉబ్బిపోయి పిన్ను పట్టేస్తుంది. నీళ్లలో తిరిగొచ్చాక ఏదో చక్రం దగ్గర స్పీడ్ పెరిగేకొద్దీ గుయ్‌మని సౌండ్ వస్తుంటే వీల్ బేరింగ్ చూపించండి.

ఇక నీళ్లలో బండి ఆగిపోతే దయచేసి సెల్ఫ్ కొట్టకండి. సిలిండర్లోకి నీళ్లు పోయుంటే అవి గాలిలాగా నలగవు, పిస్టన్‌ని క్రాంక్ షాఫ్ట్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. 2020 అక్టోబర్ వరదలప్పుడు సెల్లార్లలో ఎన్ని కార్లు మునిగాయో చూశాం కదా, అట్లా మునిగిన బండికి తాళం కూడా తిప్పకుండా టో చేయించాలి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ ఇరానీ చాయ్ రంగులో కనిపిస్తే నీళ్లు కలిసినట్టే, ఇంజిన్ ఆయిలూ ఫిల్టరూ మార్చి, గేర్ ఆయిల్ కూడా చూశాకే స్టార్ట్ చేయాలి.